‘కనెక్టెడ్’ అంటే ఛార్జింగ్ ఎక్కుతున్నట్టు కాదు

రాత్రి పదింటికి కారుకి ఛార్జింగ్ పెట్టి పడుకున్నాను. తెల్లారి ఐదింటికి నాన్నగారిని అమలాపురం నుంచి కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. లేవగానే యాప్ చూస్తే పచ్చ చుక్క, పక్కన ‘ఛార్జింగ్’ అని ఉంది. తీరా కారెక్కి చూస్తే 34 శాతం! పదకొండింటికి కొబ్బరి మట్ట తీగల మీద పడి కరెంటు పోయిందట. అరగంటలో వచ్చేసింది, ఛార్జింగ్ మాత్రం మళ్ళీ మొదలవలేదు. యాప్ మాత్రం చివరిసారి అందిన కబురునే తెల్లవార్లూ చూపించింది. ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా కాకినాడ వెళ్ళి రావడానికి ఆ 34 చాలదు. రిపోర్టుల కవరు ఒళ్ళో పెట్టుకుని నాన్నగారు అరుగు మీద కూర్చుంటే, నేను అద్దె కారు కోసం ఫోన్లు చేస్తున్నాను. ఆ టెన్షన్ నేను మర్చిపోలేను.

నా కోపమంతా ఆ పచ్చ చుక్క మీదే. ప్లగ్ పెట్టి ఉండటం వేరు, కరెంటు ఎక్కుతుండటం వేరు. ఈ తేడా ఛార్జర్‌కి బాగా తెలుసు. కారుకీ దానికీ మధ్య కంట్రోల్ పైలట్ అని ఒక తీగ ఉంటుంది. కారు లేకపోతే దాని మీద 12 వోల్టులు, ప్లగ్ పెడితే 9, కారు కరెంటు అడిగితే 6. ఛార్జరూ, కంపెనీ సర్వరూ మాట్లాడుకునే ఓసీపీపీ అనే పద్ధతిలో పనిచేసే ఛార్జర్లలో అయితే, ఆపింది కారా, ఛార్జరా అన్నదానికి కూడా వేర్వేరు పేర్లున్నాయి. ఇంత సమాచారం ఉండి కూడా మనకి చూపించేది ఒక్క చుక్కా? అదీ ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్ళొచ్చాక!

అందుకే ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, ఇంట్లోని పరికరాలన్నిటినీ ఒకచోట చూపించే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. కారు ప్లగ్గుకి వెళ్ళే లైనుకి మీటరు బిగించాను. పాత ట్యాబ్ ఒకటి వంటగది గుమ్మం పక్కన తగిలించాను. అందులో పెద్ద అక్షరాలతో రెండే కనిపిస్తాయి: ఇప్పుడు ఎన్ని కిలోవాట్లు ఎక్కుతోంది, ఎప్పటి నుంచి. మా 15 యాంపుల ప్లగ్ మీద 3 కిలోవాట్ల పైన ఉంటే సరిగ్గా ఎక్కుతున్నట్టు. బ్యాటరీ శాతం కూడా చిన్నగా పెట్టాను గానీ అది కారు కంపెనీ సర్వర్ నుంచే రావాలి, ఎంత పాతదో తెలియదు. అందుకే దాని కింద ‘ఎన్నింటికి అందింది’ అని టైము వేశాను. టైము లేని అంకెని నేనింక నమ్మను.

రాత్రి పది నిమిషాల పాటు మీటరు సున్నా చూపిస్తే అలారం మోగుతుంది. రాస్ప్‌బెర్రీ పై, రౌటరు రెండూ ఇన్వర్టర్ మీదే ఉన్నాయి కాబట్టి కరెంటు పోయినా మెలకువగానే ఉంటాయి. నెట్ లేకపోయినా పరవాలేదు.

కారు కంపెనీలు, ఛార్జర్ కంపెనీలు ఈ లెక్కల్ని ఇంటి వైఫైలోనే నేరుగా ఇవ్వాలి. కారు మాది, కరెంటు బిల్లు మాది, సమాచారం మాత్రం వాళ్ళదా?

మొన్న రాత్రి రెండున్నరకి మళ్ళీ కరెంటు పోయి వచ్చింది. అలారానికి ముందు అమ్మ లేచింది. ట్యాబ్‌లో సున్నా చూసి, ప్లగ్ తీసి మళ్ళీ పెట్టి, అంకె మారేదాకా అక్కడే నిలబడిందట. “మూడు దాటింది బాబూ, పడుకో” అంది నేను లేచి వచ్చేసరికి.