ఈసారి ఊరికి పోతే కొండ కింద పది రోజులుండండి

కిందటి సెప్టెంబరులో మన తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌కు కొలరాడోలోని ఎస్టెస్ పార్క్ వెళ్లాం కదా, అక్కడ విన్న ఒక మాట ఇంకా నా మనసులోంచి పోలేదు. డెన్వర్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు ఆ ఊరు కొత్త కాదు. 7,522 అడుగుల ఎత్తున, రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ వాకిట్లో ఉంటుంది. సెప్టెంబరు ఆఖరుకు యాస్పెన్ ఆకులు పసుపుపచ్చగా పండిపోతాయి. ఎల్క్ అనే పెద్ద దుప్పులు ఊళ్లోకే వచ్చి పచ్చికలో మేస్తుంటాయి. మగవి మెడ చాచి ఈల వేసినట్టు కూస్తుంటే పిల్లలు మాట్లాడ్డం మానేసి నిలబడిపోతారు. పార్కుకు ఏడాదికి 40 లక్షల మందికి పైగా వస్తారు. మేం వెళ్లింది శనివారం, కారు పెట్టుకోవడానికే ముప్పావు గంట పట్టింది.

కాఫీ కొట్టు నడుపుతున్న పెద్దావిడతో మాట కలిసింది. ఇంత అందమైన చోట ఉంటున్నారు, అదృష్టవంతులు అన్నాను. ఆవిడ ఒప్పుకుంది కానీ, తాను ఎదురుచూసేది మాత్రం అక్టోబరు కోసమట. మంచు మొదలై కొండ మీది ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మూసేశాక జనం పల్చబడతారు. అప్పుడు పొద్దున్నే చెరువు చుట్టూ నడవడం, పోస్టాఫీసు దగ్గర నిలబడి మాట్లాడుకోవడం, సాయంత్రం ఏ ఇంట్లో పొయ్యి వెలిగిందో పొగను బట్టి చెప్పగలగడం. ఆవిడకు ఊరంటే అది.

తిరిగి వస్తున్నంతసేపూ నేను నెల్లూరు జిల్లాలోని మా ఉదయగిరి గురించే ఆలోచించాను. ఆవిడ చెప్పినవన్నీ నేను పుట్టిన చోట దొరికేవే. డబ్బు పెట్టి, పార్కింగ్ వెతుక్కుని, ఇంకొకరి ఊళ్లో కిటికీలోంచి చూసి వస్తున్నాం. మన కొండ కింద మనకు ఇల్లుంది, మనిషి ఉంది. అక్కడ మాత్రం ఒక పూట కంటే ఎక్కువ ఉండం.

నేనూ అలాగే చేశాను. 2019లో మూడు వారాల సెలవు పెట్టి పోయి, కొండలన్నీ రెండు రోజుల్లో చూపించేశాను పిల్లకు. మొదటి రోజు పెంచలకోనలో దర్శనం, అక్కడి నుంచి ఉదయగిరి, కోట ఉన్న కొండ, మేం దుర్గం అనేది, దాని కింద నిలబడి ఫోటోలు, మేనత్త ఇంట్లో గంట, రాత్రికి మళ్లీ నెల్లూరు. మర్నాడు ప్రకాశం జిల్లాలో భైరవకోన. అక్కడ ఒకే రాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలను అరగంటలో ముగించాం. ఏ కొండ ఎక్కడుందో పిల్లకు గుర్తు లేదు. కారు ఏసీలో చలేసింది, అంతవరకే గుర్తుంది. ఆ తప్పు నాది.

2023 డిసెంబరులో పోయినప్పుడు మాత్రం ఉదయగిరిలో పన్నెండు రోజులు ఉండిపోయాను. అనుకుని ఉన్నది కాదు. మేనత్తకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. రోజుకు ఆరుసార్లు చుక్కలు వెయ్యాలి, వంగనివ్వకూడదు, తలకు నీళ్లు తగలనివ్వకూడదు. ఆమె కొడుకు బెంగళూరులో ఉద్యోగం, సెలవు దొరకలేదు. చుక్కకూ చుక్కకూ మధ్య రెండున్నర గంటలు. అంతకంటే దూరం పోవడానికి వీల్లేదు. నా జీవితంలో అంత తీరిక ఎప్పుడూ లేదు.

మొదటి మూడు రోజులు వీధిలో ఎవరు కనిపించినా ఒకటే అడిగేవాళ్లు: "ఎప్పుడొచ్చావు మా? ఎన్నాళ్లుంటావు?" ఆ ప్రశ్న చుట్టానికి వేసేది. జవాబు చెప్పగానే మనం ఎప్పుడు పోతామో వాళ్లకు తెలిసిపోతుంది, మాట అక్కడితో సరి. ఐదో రోజో ఆరో రోజో పులిబొంగరాల బండి దగ్గర నిలబడి ఉంటే, బండి ఆమె తలెత్తకుండానే "అత్తకు కన్నెట్టుంది? కారం చట్నీ ఆమెకు పెట్టబాక, ఈ కొబ్బరిది తీసకపో" అంది. నేను ఎవరి మనిషినో, ఎందుకు ఉన్నానో, ఇంట్లో ఎవరు ఏం తినాలో ఆమెకు తెలుసు. ఆ పొట్లం పట్టుకుని ఇంటికి నడుస్తుంటే గొంతు పట్టేసింది. పదహారేళ్లుగా అమెరికాలో ఉంటున్నాను, మంచి ఇరుగుపొరుగే ఉంది, అయినా నా ఇంట్లో ఎవరికి ఏది పడదో తెలిసిన దుకాణం ఒక్కటీ లేదు.

పులిబొంగరాల గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. పులిసిన దోశపిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి కలిపి, గుంటల పెనంలో పోస్తారు. అంచు ఎర్రబడగానే ఒక పుల్లతో గుంటలో తిప్పుతుంది ఆమె, ఒక్కటీ విరగదు. పైన కరకర, లోపల మెత్తన. డిసెంబరు పొద్దున దుర్గం మీద ఇంకా మంచు విడవని వేళ, ఆకులో వేసి ఇస్తే చేతులు వెచ్చబడతాయి. ఇదే పిండి, ఇదే పెనం కొలరాడోకు తెచ్చుకున్నాను. బాగానే వస్తాయి. ఆ మంచులో నిలబడి తినడం మాత్రం ఇక్కడ లేదు.

దుర్గం ఎత్తు 3,079 అడుగులు. రాకీల పక్కన పెడితే పిల్లకొండ. కానీ ఊరికి పడమటి గోడలాగా నిలబడి ఉంటుంది కాబట్టి రోజంతా దాని చెప్పుచేతల్లోనే నడుస్తుంది. పొద్దున మొదటి ఎండ కొండ నెత్తిన పడి ఎర్రగా కిందికి దిగుతుంది. సాయంత్రం నీడ ముందుగానే వీధుల్లోకి వస్తుంది. నీడ వచ్చాక అరుగుల మీదికి మంచాలూ కుర్చీలూ వస్తాయి. మా అత్త కంటికి నల్లద్దాలు పెట్టుకుని కూడా నీడ ఎంతవరకు వచ్చిందో చెప్పేది, చల్లదనాన్ని బట్టి. నాలుగో చుక్కల వేళ అలా తెలిసేది మాకు.

ఆ కొండకు చరిత్ర తక్కువేం కాదు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను కృష్ణదేవరాయలు చాలా నెలలు ముట్టడి వేసి 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మా అత్త ఈ సంగతి చెప్పేటప్పుడు, "మనూరి పిల్లోడే, చెన్నపట్నంలో ఉండాడు" అంటుంది, బంధువు ఆచూకీ చెప్పినట్టు. కోట గోడలు, కొండ మీది మసీదు చూడాలంటే తెల్లవారుజామునే నీళ్లు మోసుకుని, తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని ఎక్కాలి. ఆ పన్నెండు రోజుల్లో నేను ఎక్కలేదు. వెలితిగా అనిపించలేదు.

మధ్యాహ్నం చుక్కల తర్వాత చక్క స్పూన్లు చేసే వీధికి పోయేదాన్ని. ఉదయగిరి గరిటెలకు, చక్క స్పూన్లకు జీఐ, అంటే ఫలానా ఊరి సరుకనే ప్రభుత్వ గుర్తింపు ఉంది. ఎక్కువగా ముస్లిం కుటుంబాల ఆడవాళ్లు చేస్తారు. గడప మీద కూర్చుని ఒకామె బొటనవేళ్ల మధ్య చక్క ముక్కను బిగించి పట్టి, ఆకురాయితో స్పూను గుంటను రుద్దుతోంది. నాలుగు రుద్దులు రుద్దడం, ఊదడం, వాకిలి వెలుగుకు ఎత్తి పట్టి చూడడం. అంచు పల్చబడిన చోట వెలుగు లేత తేనెరంగులో కనిపిస్తుంది. అది అంతటా ఒకేలా కనిపించేదాకా వదలదు. ఒళ్లో పొట్టు నిండాక లేచి దులుపుకుంటుంది. మూడు రోజులు పోయి ఊరికే కూర్చున్నాను. మూడో రోజు నా చేతికీ ఆకురాయి ఇచ్చింది. నేను రుద్దిన చోట గీత పడింది. ఏమీ అనకుండా తీసుకుని సరిచేసింది. కొన్న ఆరు స్పూన్లు పొట్లం కట్టి ఇస్తూ, "సబ్బునీళ్లల్లో నానబెట్టబాక మా, కడిగి ఆరబెట్టి కొబ్బరినూనె రాయి" అని చెప్పింది.

ఆమె చెప్పిన ధర విని, డాలర్లలో లెక్కేసి, ఇంకా తగ్గించమని అడిగేవాళ్లు మనలో ఉన్నారు. నాకు చాలా బాధ కలిగించే విషయమిది. ఎస్టెస్ పార్క్ దుకాణంలో ఫ్యాక్టరీ చక్క గరిటెకు అడిగినంత ఇచ్చి వస్తాం. ఉదయగిరిలో ఒక మనిషి కళ్లు పెట్టి, వేళ్లు పెట్టి రోజంతా చేసినదానికి బేరం దేనికి?

"ఉదయగిరిలో ఒక మంచి రిసార్ట్ పడితే బాగుంటుంది" అనే మాట మన సమావేశాల్లో తరచూ వింటున్నాను. పెట్టుబడికి సిద్ధమనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ కొండ దగ్గరికి పోయి ప్రహరీ లోపల ఉండి రావడంలో ఏముంది? బండి దగ్గర పులిబొంగరాలు, అరుగు మీది నీడ, ఆకురాయి చప్పుడు గోడ లోపలికి రావు. గోడ కట్టుకుంటే బోరు కూడా లోతుగా వేసుకోవాలి, అది ఎవరి నీళ్లో ఆలోచించాలి. ఉదయగిరి మెట్ట ప్రాంతం. ఎండాకాలం బిందెల వరస నేను చిన్నప్పుడు నిలబడిందే. అక్కడి బతుకు తేలికని నేను చెప్పడం లేదు. చదువుకున్న పిల్లలు నెల్లూరుకో బెంగళూరుకో పోక తప్పడం లేదు, నేనూ అలా పోయినదాన్నే. అందుకే మన డబ్బు ఊళ్లో ఖర్చు కావాలంటున్నాను. ఖాళీగా ఉన్న పెద్దల ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మంచి బాత్‌రూము, వేణ్ణీళ్లు, శుభ్రమైన పరుపు ఏర్పాటు చేసుకుని అద్దె ఇచ్చి ఉందాం. వంటకు మనిషిని పెట్టుకుని మంచి జీతమిద్దాం. అసోసియేషన్ తరఫున సాయం చెయ్యాలంటే బస్టాండులో ఆడవాళ్లకు పనికొచ్చే మరుగుదొడ్లతో మొదలుపెడదాం.

ఎప్పుడు పోవాలనేదానికి నా సలహా డిసెంబరు. నెల్లూరు జిల్లాకు వాన ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో వస్తుంది. అప్పుడు వెలిగొండ కొండల వాగులు పారుతుంటాయి. పిల్లలకు సెలవులూ అప్పుడే. మే నెలలో పోతే వడగాడ్పు తప్ప ఏమీ మిగలదు. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బస్సులో పోవచ్చు, దాదాపు 100 కిలోమీటర్లు. ఉదయగిరిలో మీకు ఎవరూ లేకపోతే పెంచలకోన అయినా సరే, కానీ దర్శనం చేసుకుని వెనక్కి తిరగొద్దు. చీకటి పడి, చివరి బస్సు వెళ్లిపోయాక, మూడు వైపులా కొండలున్న ఆ కోనలో వాగు చప్పుడు ఎంత పెద్దదో అప్పుడు వినాలి.

వచ్చే డిసెంబరులో మేం ముగ్గురం ఉదయగిరిలోనే పద్నాలుగు రోజులు ఉంటున్నాం. టికెట్లు అయిపోయాయి. పిల్లకు ప్రోగ్రామ్ ఏమీ వెయ్యలేదు. స్పూన్లు చేసే ఆమె దగ్గర కూర్చుంటానని తనే అంది. మా అత్తకు కన్ను బాగా కనిపిస్తోంది, ఈసారి చుక్కల పని లేదు. నిన్న ఫోన్లో ఒకటే అడిగింది: "కొండ గాలికి రాత్రుళ్లు చలేస్తది మా, బిడ్డకు ఒక దుప్పటి చాలతదా, రెండు తియ్యనా?"