సవరణ: తొట్టి అడుగున గులకరాళ్లు

మేడ మీద మొక్కల తొట్ల గురించిన గత పోస్టులో, అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు త్వరగా దిగిపోతుందని ఉంది. ఆ వాక్యం తీసేశాను. నిజానికి జరిగేది దాదాపు దానికి వ్యతిరేకం.

సన్నని రేణువుల మధ్య ఉండే చిన్న ఖాళీలు నీటిని గట్టిగా పట్టుకుంటాయి. కింద పెద్ద ఖాళీలున్న రాళ్ల పొర వస్తే, పైన మట్టి దాదాపు పూర్తిగా తడిసేదాకా నీరు అందులోకి దిగదు. నీరు కారిపోయాక కూడా తొట్టి అడుగున మిగిలే చిత్తడి పొర, రాళ్ల ఎత్తు మేర పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుంది. ఈ చిత్తడి పొర మందం తొట్టి లోతును బట్టి కాదు, మట్టి మిశ్రమాన్ని బట్టి ఉంటుంది. అందుకే లోతు తక్కువ తొట్లలో వేళ్లకు గాలి అందక కుళ్లే ప్రమాదం ఎక్కువ. తడి స్పాంజిని పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి చూడండి. నిలబెట్టగానే ఇంకాస్త నీరు కారుతుంది: ఎత్తు పెరిగితే తడిసి ఉండే భాగం తగ్గుతుంది, తొట్టిలోనూ అంతే.

మట్టి జారకుండా రంధ్రం మీద చిన్న జాలీ ముక్క చాలు. నీరు నిలుస్తుంటే మార్చాల్సింది మిశ్రమాన్నే: పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) లాంటి ముతక పదార్థం అంతటా కలవాలి. బంకమట్టిలో కొంచెం ఇసుక కలిపితే మాత్రం లాభం లేదు, అది ఇంకా గట్టిపడొచ్చు.

తొట్లు లేకుండా పైకప్పు మీదే మట్టి పరిచి పెంచే తోటల్లో వేసే డ్రైనేజ్ పొర సంగతి వేరు. మట్టిలోంచి దిగిన నీటిని పక్కనున్న గొట్టాల దాకా చేర్చడం దాని పని. దాన్ని తీసేయకండి.