వెనక చక్రాల స్వాతంత్ర్య పోరాటం

1979 నుంచి 1993 దాకా ‘ఫాక్స్’ అనే చట్రం నమూనా మీద తయారైన ఫోర్డ్ మస్టాంగ్ కారుకు వెనక వైపు ఏకాండీ ఇరుసు, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు, ఉంటుంది. ఎడమ చక్రం గుంటలో దిగితే కుడి చక్రం కూడా ఒరిగి తన ప్రగాఢ సంతాపాన్ని ప్రకటిస్తుంది. ఈ ఏర్పాటు చవకైనది, బలమైనది, మరమ్మతుకు సులువైనది. కాబట్టి ఆత్మగౌరవం ఉన్న యజమాని ఎవరూ దీన్ని సహించలేరు. వెనక చక్రాలు రెండూ దేనికది స్వేచ్ఛగా కదలాలన్న మహదాశయంతో, తర్వాతి తరం కారు నుంచి వెనక సస్పెన్షన్ సబ్‌ఫ్రేమ్‌ను (వెనక చక్రాల భాగాలన్నీ బిగించిన చిన్న చట్రాన్ని) మొత్తంగా ఊడదీసి పాత కారుకు తగిలించే ఉద్యమం ఒకటి చాలాకాలంగా నడుస్తోంది. దానికి దక్కవలసిన గౌరవం దక్కడం లేదన్న బాధతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ ఉద్యమానికి బీజం వేసినది స్వయంగా ఫోర్డ్ కంపెనీయే. 1999లో ఎస్‌వీటీ కోబ్రా అనే మస్టాంగ్‌కు స్వతంత్ర వెనక సస్పెన్షన్ ఇవ్వదలచిన ఇంజినీర్లు ఇంజిను శక్తిని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్‌నూ, చక్రాలను చట్రానికి కలిపే కంట్రోల్ ఆర్మ్‌లనూ, ఆ శక్తిని చక్రాలకు చేరవేసే హాఫ్ షాఫ్ట్‌లనూ ఒక సబ్‌ఫ్రేమ్‌లో పొందికగా కూర్చి, మామూలు మస్టాంగ్‌లో ఏకాండీ ఇరుసు బిగిసే చోట్లకే అదీ బిగిసేలా రూపొందించారు. బాడీని కొత్తగా గీయనక్కర్లేకుండా పని జరిగిపోవాలన్నదే వారి ఉద్దేశం. అయితే ఆ చోట్లు ఫాక్స్ కాలం నుంచీ పెద్దగా మారలేదని కనిపెట్టినవారికి ఇందులో దైవసంకల్పమే కనిపించింది. ‘విప్పడం, బిగించడం, అంతే’ అన్న మంత్రం అలా పుట్టింది. ఆ మంత్రంలో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. ఏవేవి విప్పాలో, ఏవేవి బిగించాలో మాత్రం అందులో చెప్పలేదు. మంత్రమన్నాక క్లుప్తంగా ఉండాలి కదా.

విప్పడం సంగతి ముందుగా చూద్దాం. మస్టాంగే కానక్కర్లేదు, ముప్పై నలభై ఏళ్లు వానల్లోనూ ఉప్పు చల్లిన రోడ్ల మీదా తిరిగిన ఏ కారు అడుగునైనా బోల్టు బోల్టుగా ఉండదు. చుట్టూ ఉన్న ఇనుముతో కలిసిపోయి అద్వైతసిద్ధి పొంది ఉంటుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా నాననిచ్చి, పక్కనే పెట్రోలు ట్యాంకు ఉందన్న సంగతి మనసులో పెట్టుకుని మర్నాడు నట్టును టార్చితో కాల్చి, స్పానర్‌కు పొడవాటి ఇనుప గొట్టం తొడిగి ఒంట్లో బలమంతా పెడితే, అది టక్కుమని ఒక చప్పుడు చేసి సుతారంగా తిరగడం మొదలుపెడుతుంది. కొత్తవారు ఇక్కడ సంతోషిస్తారు. బోల్టు తిరుగుతూనే ఉంటుంది గానీ వెంట్రుకవాసి కూడా కిందికి దిగదు. కొన్ని కార్లలో నట్టును చట్రం లోపల వెల్డింగ్ చేసి పెడతారు. ఆ వెల్డింగ్ తెగి, బోల్టుతో పాటు నట్టు కూడా లోపల గిరగిరా తిరుగుతోందన్న మాట. ఇక దాన్ని పట్టుకోవాలంటే కారులోకి ఎక్కి, సీటు పీకి, కార్పెట్ ఎత్తి, నేలరేకును గ్రైండర్‌తో కోసి కిటికీ పెట్టాలి. సస్పెన్షన్ బాగు చేద్దామని కారు కిందికి దూరిన మనిషి కారు లోపల మోకాళ్ల మీద కూర్చుని నేలకు కన్నం వేసే ఈ ఘట్టాన్ని ప్రగతి అనకపోతే మరి దేన్ని అంటాం?

బయటికొచ్చిన సబ్‌ఫ్రేమ్‌కు బుష్‌లు, అంటే దాన్ని బాడీకి బిగించే చోట ఉండే మెత్తలు, మార్చకపోతే చూసినవారు నవ్వుతారు. డిఫరెన్షియల్ గేర్ల రొదా, రోడ్డు అదురూ లోపలికి రాకూడదని కంపెనీ వీటిని రబ్బరుతో చేయించింది. బరువు పడగానే రబ్బరు నొక్కుకుని సబ్‌ఫ్రేమ్ కాస్త జరుగుతుంది, ఆ మేరకు చక్రాలు తాము చూడవలసిన దిక్కు మరిచిపోతాయి. ఇది క్షమించరాని నేరం కనుక రబ్బరును పీకి అల్యూమినియం బుష్‌లు దిగ్గొడతారు. సబ్‌ఫ్రేమ్ ఇక అంగుళంలో వందో వంతు కూడా కదలదు. గేర్ల రొద మాత్రం అడ్డేమీ లేకుండా బాడీలోకి ఎక్కి డ్రైవరు చెవిలో కాపురం పెడుతుంది. ఆ రొదను ఆపడానికి నేలంతా మందపాటి డాంపింగ్ షీట్లు అతికిస్తారు, షీట్ల వల్ల పెరిగిన బరువును తగ్గించడానికి వెనక సీటు తీసేస్తారు, సీటు తీశాక రొద మరింత శ్రావ్యంగా వినిపిస్తుంది. మధ్యేమార్గంగా పాలీయురెథేన్ బుష్‌లు కూడా దొరుకుతాయి. గ్రీజు ఎండగానే అవి కీచుమంటాయి. మధ్యేమార్గాల గతి ఎక్కడైనా అంతే.

తర్వాత జరిగేదంతా కౌపీన సంరక్షణార్థమే. ఎలుకల బాధకు పిల్లిని తెచ్చి, పిల్లి పాల కోసం ఆవును కట్టేసిన ఆ సన్యాసి ఇవాళ ఉండి ఉంటే తప్పకుండా ఫాక్స్ మస్టాంగ్ కొనేవాడు. కోబ్రా సబ్‌ఫ్రేమ్ చివర ఉండే, చక్రాలు బిగించే హబ్‌లకు ఐదు బోల్టులు ఉంటాయి. ఫాక్స్ మస్టాంగ్‌లలో చాలావాటికి ముందు హబ్‌లకు ఉండేవి నాలుగు. కనుక వెనక సస్పెన్షన్ మెరుగుపరచడంలో భాగంగా ముందు హబ్‌లు మార్చాలి, ఆపై నాలుగు రిమ్ములూ మార్చాలి. కొత్త సబ్‌ఫ్రేమ్‌తో డిస్క్ బ్రేకులు వస్తాయి. డ్రమ్ము బ్రేకుల కోసం లెక్క వేసిన, బ్రేకు నూనెను నెట్టే మాస్టర్ సిలిండర్, ముందు వెనకల మధ్య ఒత్తిడిని పంచే వాల్వు వాటికి పనికిరావు. అవీ మార్చాలి, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లూ మార్చాలి. సైలెన్సర్ గొట్టాలు వెళ్లే దారిలో ఇప్పుడు సబ్‌ఫ్రేమ్ కూర్చుంది కాబట్టి వాటికి వేరే దారి చూడాలి. ఇంజిను శక్తిని వెనక్కి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కొలిచి, అవసరమైతే కోయించి, మళ్లీ బ్యాలెన్స్ చేయించాలి; దాని రెండు చివర్ల జాయింట్ల కోణాలు సరిసమానంగా కుదరకపోతే కారంతా వణుకుతుంది. చక్రాలు మడ్‌గార్డుల కంటే కాస్త బయటికి వస్తే మడ్‌గార్డుల అంచులు మడవాలి. స్ప్రింగులు కంట్రోల్ ఆర్మ్ మీద ఎక్కడ కూర్చుంటాయన్న దాన్ని బట్టి చక్రం దగ్గర వాటి బలం మారిపోతుంది, అదీ స్ప్రింగూ చక్రమూ ఎంతెంత కదులుతాయన్న నిష్పత్తికి వర్గం చొప్పున. కాబట్టి పాత స్ప్రింగుల గురించి నేర్చుకున్నదంతా మరిచిపోవాలి. ఇన్ని మార్చాక పాత కారులో పాతగా మిగిలేవి రిజిస్ట్రేషన్ కాగితాలూ, స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషీ మాత్రమే.

ఇంత పవిత్రమైన ఉద్యమానికి ఒక ప్రతి ఉద్యమం కూడా ఉంది. పావుమైలు డ్రాగ్ పందేలకు వెళ్లే కోబ్రా యజమానులు కొందరు ఇదే సబ్‌ఫ్రేమ్‌ను తిట్టుకుంటూ ఊడదీసి, దాని స్థానంలో ఏకాండీ ఇరుసు వేయించుకుంటారు. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు బుష్‌లూ, ఆర్మ్‌లూ మెలితిరిగి, టైరు పట్టు జారగానే విడిపోయి, మళ్లీ పట్టు దొరకగానే మెలితిరిగి, చక్రాలు అక్కడికక్కడే గంతులు వేస్తాయి. ఆ గంతుల్లో హాఫ్ షాఫ్ట్‌లు విరుగుతాయి. 2003, 2004 కోబ్రాల షాఫ్ట్‌ల చివర పట్టుకునే పళ్లను బలం కోసం 28 నుంచి 31కి పెంచి ఫోర్డ్ వారు నచ్చజెప్పి చూశారు గానీ పందెగాళ్లు పూర్తిగా వినలేదు. పైగా ఈ స్వతంత్ర సస్పెన్షన్ మొత్తం బరువును సుమారు 80 పౌండ్లు పెంచుతుంది. స్ప్రింగుల కింద చక్రాలతో పాటు ఊగే బరువును మాత్రం సుమారు 125 పౌండ్లు తగ్గిస్తుంది. కాబట్టి ఇరుపక్షాల వారూ తమకు అనుకూలమైన అంకెను బల్లగుద్ది చెప్పవచ్చు, ఇద్దరూ సత్యమే పలుకుతారు. నా దృష్టిలో ఇది ఆదర్శప్రాయమైన ఆర్థిక వ్యవస్థ. ఒకరు వదిలించుకున్న దరిద్రం మరొకరికి అదృష్టమై, రెండు గ్యారేజీల్లోనూ రెండు కార్లు ఏకకాలంలో జాకీల మీదే ఉంటాయి.

వీరి తగవు తీర్చడం కంపెనీ వల్ల కూడా కాలేదు. 2004తో ఆ కోబ్రా ముగిశాక, 2005లో వచ్చిన సరికొత్త మస్టాంగ్‌కు ఫోర్డ్ మళ్లీ ఏకాండీ ఇరుసే వేసింది. మొత్తం మస్టాంగ్ శ్రేణికి స్వతంత్ర సస్పెన్షన్ ఇవ్వడానికి 2015 మోడల్ దాకా ఆగింది. అంత పెద్ద సంస్థ అంతకాలం తటపటాయించిన విషయాన్ని మన యజమాని ఒక శనివారం ఉదయం తేల్చేస్తాడు.

అన్యాయంగా మాట్లాడకూడదు, ఫలితం ఉంటుంది. మలుపు మధ్యలో గతుకు తగిలితే ఏకాండీ ఇరుసు కారు పక్కకు ఒక గంతు వేస్తుంది, మార్చిన కారు వేయదు. కాకపోతే ఆ గతుకు దగ్గరికి చేరే ముందు అలైన్‌మెంట్, అంటే చక్రాల దిక్కు సరిచేసే తంతు ఉంది. ఏకాండీ ఇరుసుకు టో (చక్రం లోపలికో బయటికో తిరిగి చూడడం), క్యాంబర్ (చక్రం పైభాగం పక్కకు ఒరగడం) సరిచేసే పనే ఉండేది కాదు. తయారైన నాడు ఎలా ఉంటే అలాగే ఉండేది. ఇప్పుడు ప్రతి చక్రానికీ సొంతంగా దారి తప్పే హక్కు దఖలు పడింది. మెషీన్ మీద కారు ఎక్కించి చూస్తే ఎడమ చక్రం లోపలికీ కుడి చక్రం బయటికీ చూస్తున్నాయని తెర మీద ఎర్రటి అంకెలు చెబుతాయి. సరిచేద్దామని రెంచి పెట్టిన మెకానిక్, ఎడమ వైపు టో సర్దుబాటు చేసే రాడ్డు తుప్పుతో కదలడం లేదని కబురు చేస్తాడు.

ఇలాంటి కార్లు అమ్మకానికి వచ్చినప్పుడు ప్రకటనలన్నీ ఇంచుమించు ఒకే మాదిరిగా ఉంటాయి. కోబ్రా సస్పెన్షన్ అమర్చబడింది, ఖర్చుకు రసీదులన్నీ ఉన్నాయి, బ్రేకు పైపులు కలపడం లాంటి ఒక్క పూట పని మిగిలి ఉంది, ట్రైలర్ మీరే తెచ్చుకోవలెను.