సవరణ: స్పానిష్‌లో అండర్‌స్కోర్‌ని ‘గియోన్’ అనకూడదు

స్పానిష్‌లో కంప్యూటర్ గుర్తులను ఎలా పలకాలో చెబుతూ ఇంతకుముందు రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. చదివినవాళ్లు క్షమించాలి.

మొదటిది పెద్ద తప్పే. అండర్‌స్కోర్ (_) పేరు ‘గుయియోన్’ అని రాశాను. ఉత్త ‘గియోన్’ అంటే హైఫన్ (-). అండర్‌స్కోర్ కావాలంటే ‘గియోన్ బాహో’ (guion bajo) అనాలి, అంటే కింద ఉండే గీత. ఫోన్లో ఈమెయిల్ చెప్పేటప్పుడు ‘బాహో’ వదిలేస్తే అవతలివాళ్లు హైఫనే టైపు చేస్తారు, మెయిల్ మీకు చేరదు. ana_sol అని ఉంటే ‘అనా గియోన్ బాహో సోల్’ అని చెప్పాలి. ఉచ్చారణ కూడా తప్పు రాశాను: g తర్వాతి u ఇక్కడ పలకదు, j ‘హ’లా పలుకుతుంది.

రెండోది # గుర్తు. దీన్ని అందరూ ‘అల్మోఆదీయా’ అంటారని రాశాను. అది స్పెయిన్ మాట, చిన్న దిండు అని అర్థం. మెక్సికోలో ‘గాతో’ అంటారు, అంటే పిల్లి. మనం టిక్ టాక్ టో అనే ఆటకీ అక్కడ అదే పేరు, గళ్లు చూస్తే పోలిక తెలిసిపోతుంది.

@ని ‘అర్రోబా’ అంటారని రాసింది సరైనదే. అది పాతకాలపు తూకం, అప్పటి స్పానిష్ క్వింటాలులో (మన వంద కిలోల క్వింటాలు కాదు) పావు వంతు. స్పెయిన్‌లోని కాస్తీయా ప్రాంతంలో దాదాపు 11.5 కిలోలు. అరబ్బీలో ‘నాలుగో వంతు’ అనే మాట నుంచి వచ్చింది. మన ‘పావు’ లాంటిదే అన్నమాట.

పాత పోస్టులోనూ ఇవి దిద్దాను. స్క్రీన్‌షాట్ దాచుకున్నవాళ్లు దయచేసి మార్చుకోండి.