క్యారియర్ పీకేయండి, అది ఒరిజినల్ కాదు

గుడి జీర్ణోద్ధరణకి ఆగమశాస్త్రం ఉంది. స్థపతి వస్తాడు, బాలాలయం కడతారు, ముహూర్తం చూసి పునఃప్రతిష్ఠ చేస్తారు. కొబ్బరికాయల షెడ్డు వెనక ఇరవై ఏళ్లుగా కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న రాజదూత్‌కి మాత్రం శాస్త్రమంటూ లేదు. దాంతో గోదావరి డెల్టాలో ఎవరికి తోచినట్టు వాళ్లు పాత మోటారు సైకిళ్లని పైకి తీసి, రంగేసి, పసుపు కుంకం పెట్టి "వింటేజ్ ఆఫ్‌రోడ్" అని నామకరణం చేసేస్తున్నారు. ఇంత అపచారం కళ్లెదుట జరుగుతుంటే ఊరుకోవడం భావ్యం కాదు గనక, శాస్త్రం ఏమిటో ఇక్కడ చెప్పక తప్పడం లేదు.

ముందు ఆఫ్‌రోడ్ అంటే ఏమిటో తేల్చుకోవాలి. పై దేశాల్లో రోడ్డుంటుంది. దాని మీద విసుగు పుట్టినవాడు బండితో పక్కకి దిగుతాడు. అలా దిగేవాళ్ల కోసమే యమహా 1968లో డీటీ-1 తెచ్చింది. చెకోస్లోవేకియా జట్టు జావా, సీజెడ్ బండ్ల మీద 1970 నుంచి 1974 దాకా వరసగా అయిదేళ్లు ఆరు రోజుల పందెంలో వరల్డ్ ట్రోఫీ కొట్టుకుపోయింది. ఆరు రోజులట! కొండలూ అడవులూ బురదా, వెరసి ఆరు రోజులు. లంక ఊళ్లో పాలు పోసేవాడు ఇది వింటే "మరి ఏడో రోజున పాలెవరు పోత్తారండీ?" అంటాడు. పక్కకి దిగాలంటే ముందు రోడ్డనేది ఉండాలి కదా. వానాకాలం కాలవ గట్టు మీద జారుడు ఒండ్రు, వేసవిలో లంకలో పిక్కల్లోతు ఇసక, మధ్యలో పంటు ఎక్కించి ఏరు దాటించడం. ఇందులో ఏది ఆన్, ఏది ఆఫ్ అని అడిగితే ఆర్ అండ్ బీ వాళ్లు కూడా చెప్పలేరు.

ఇంకో సంగతి. ఆ బండ్లేవీ కంపెనీ లెక్కలో ఆఫ్‌రోడ్ కావు. 1961లో మైసూరులో పుట్టిన జావా గానీ, 1973 నుంచి దానికే వచ్చిన యెజ్డీ పేరు గానీ, పోలండ్ కంపెనీ ఎస్‌హెచ్ఎల్ బండి రక్తంతో ఫరీదాబాద్‌లో తయారైన 173 సీసీ రాజదూత్ గానీ రోడ్డు మీద పద్ధతిగా తిరగడానికి వచ్చినవే. వాటిని ఆఫ్‌రోడ్ చేసింది మన ఊరి వెల్డింగ్ షాపు. (బుల్లెట్ ఈ చర్చలోకి రాదు. అది ప్రెసిడెంటు గారిది, బురద చూస్తే ఆగిపోయేది. ఆగింది బండో, ప్రెసిడెంటు గారో తేలలేదు.)

ఆ వెల్డింగ్ షాపు పనితనం ఎంత అవసరమైందో బురదలో నడిపినవాడికే తెలుస్తుంది. యెజ్డీ ముందు మడ్‌గార్డు టైరుని చెవి దాకా కప్పుకున్న దుప్పటిలా ఉంటుంది. ఒండ్రుమట్టి ఆ సందులో పట్టి, గడ్డితో కలిసి, అర ఫర్లాంగు పోయేసరికి చక్రం బిగుసుకుపోతుంది. పై దేశాల స్క్రాంబ్లర్లకి, అంటే బురదలో గుట్టల్లో తోలే బండ్లకి, మడ్‌గార్డు టైరుకి జానెడెత్తున ఉండటానికి కారణం అదే. మన మేస్త్రి ఏ కేటలాగూ చూడకుండానే మడ్‌గార్డు కింద రెండేసి వాషర్లు వేసి లేపాడు, అదీ చాలకపోతే కింద అంచు కోసేశాడు. వెనక యాంగిల్ ఇనుముతో క్యారియర్ కట్టాడు. దానికి రెండు వైపులా పాల క్యాన్లు తగిలించడానికి 10 మిల్లీమీటర్ల రాడ్డు వంచి కొక్కేలు పెట్టాడు. బరువు వెనక్కి గుంజితే ముందు చక్రం తేలుతుంది కాబట్టి, క్యాన్ల బరువు ఇరుసు మీద పడేలా క్యారియర్‌ని కాస్త ముందుకి జరిపాడు. ఆ ముందుకి జరపడమే ఇంజినీరింగ్. అది ఏ కాలేజీలోనూ చెప్పరు.

ఇప్పుడు జీర్ణోద్ధారకుడు వస్తాడు. బండి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, క్యారియర్ మీద చెయ్యేసి, "ఇది ఒరిజినల్ కాదు" అంటాడు. కొక్కేలూ కాదు, లేపిన మడ్‌గార్డూ కాదు, చీర చక్రంలో పడకుండా కట్టిన జాలీ అంతకన్నా కాదు. గ్రైండర్ తెప్పించి ముప్పై ఏళ్ల డెల్టాని పావుగంటలో కోసేస్తాడు. కోసింది పాత ఇనుము కాటాకి వెళుతుంది. ఖాళీ అయిన చోట ఏం పెడతాడయ్యా అంటే గుండీల టైర్లు, ఎత్తు హ్యాండిలు, పైకి వంచిన సైలెన్సరు. అవి ఒరిజినలా? కాదు, "స్క్రాంబ్లర్ లుక్". పాల క్యాను మోసిన కొక్కెం కల్తీ, ఏ క్యానూ ఎక్కని గుండీల టైరు వారసత్వం!

పైకి వంచిన సైలెన్సరు గురించి ఒక మాట. టూ స్ట్రోక్ ఇంజనుకి సైలెన్సరు పొగ పోయే గొట్టం ఒక్కటే కాదు, ఊపిరితిత్తుల్లో సగం. గొట్టం పొడవూ లావూ మారితే, వెళ్లిన పొగ అల వెనక్కి తిరిగొచ్చే సమయం మారుతుంది, పచ్చి మిశ్రమం, అంటే ఇంకా కాలని పెట్రోలూ గాలీ, సిలిండర్‌లో నిలవదు. అందం కోసం సైలెన్సరు ఒక అడుగు పొడవున కోసిన యెజ్డీ కూత పెద్దగానే పెడుతుంది, కానీ గట్టు ఎక్కమంటే మాత్రం మొహం చాటేస్తుంది. ఉన్న సైలెన్సరులోని బేఫిల్ (చప్పుడు అణిచే లోపలి గొట్టం) తీసి, మసి కాల్చి, గీకి, మళ్లీ పెట్టుకుంటే దాని పాత లాగుడు దానికి వస్తుంది. దీనికి ఖర్చు లేదు కాబట్టి ఎవరూ చేయరు.

ఇక టాంకు. రొయ్యల చెరువుల మధ్య గాలికి ఉప్పుంటుంది, ఇనుము ఊరికే తినేస్తుంది. మూత తీస్తే లోపల ఇటుక పొడి. ఇక్కడ శాస్త్రం సుస్పష్టం. టాంకు నిండా నీళ్లు పోసి, లీటరుకి చెంచాడు చొప్పున బట్టల సోడా కలపాలి. మూతి లోంచి ఒక ఇనప రాడ్డు దింపాలి, అది టాంకు గోడకి ఎక్కడా తగలకూడదు. 12 వోల్టుల ఛార్జర్ ప్లస్ రాడ్డుకి, మైనస్ టాంకుకి. ఒక రాత్రి ఉంచితే టాంకు తుప్పు వదులై ఊడుతుంది, రాడ్డు తుప్పుముద్ద అవుతుంది. ప్లస్సూ మైనస్సూ తారుమారైతే తెల్లారేసరికి రాడ్డు తళతళలాడుతూ ఉంటుంది, టాంకు సన్నబడి ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్డు వాడొద్దు, నీళ్లలోకి క్రోమియం విషం దిగుతుంది. ఆ పని జరుగుతున్నంతసేపూ మూతి లోంచి హైడ్రోజన్ వస్తుంటుంది కాబట్టి, ఏం జరుగుతోందో చూద్దామని చుట్ట నోట్లో పెట్టుకుని వంగే పెద్దాయన్ని మర్యాదగా వీధరుగు మీదకి పంపేయాలి. అయ్యాక కడిగి, వెంటనే ఆరబెట్టి, ఆయిలు తిప్పాలి. ఒక పూట ఆగితే మళ్లీ ఇటుక పొడే.

ఇంత తతంగం ఎందుకని, నేరుగా లప్పం పెట్టి, పైన మెరూన్ కొట్టి, పక్కలకి క్రోమ్ వేయించేవాళ్లే ఎక్కువ. క్రోమ్ కింద నికెల్ పూత సరిగా పడకపోతే ఒక్క వానాకాలానికి మొటిమల్లా తుప్పు లేస్తుంది. అప్పుడు దానికి ఇంగ్లీషులో ముద్దుపేరు పెట్టుకుంటారు: పాటినా. మన ఊళ్లో దానికి చిలుము అని పేరుండేది, దాన్ని చింతపండుతో తోమేవారు.

ఇంజను దగ్గరికొస్తే భక్తి తగ్గుతుంది, ఎందుకంటే అది ఫోటోలో కనబడదు. లోపల ఏమున్నా పైన బఫింగ్ మెరిస్తే చాలునన్నది ప్రస్తుత సంప్రదాయం. కాబట్టి ఈ భాగం ఎవరూ చదవరన్న ధైర్యంతో వివరంగా చెప్పవచ్చు.

టూ స్ట్రోక్ ఇంజను విప్పినప్పుడు క్రాంక్ ఆయిల్ సీల్స్ (ఇంజను లోపల తిరిగే ఇరుసుకి అటూ ఇటూ ఉండే రబ్బరు చుట్లు) రెండూ మార్చి తీరాలి, బాగున్నాయనిపించినా సరే. ఇరవై ఏళ్లు ఎండిన రబ్బరు అప్పడం. డైనమో వైపు సీలు పోతే బయటి గాలి లాగుతుంది. మిశ్రమం పలచనై, రేసు వదిలేసినా ఇంజను అరుస్తూనే ఉంటుంది, ప్లగ్గు తెల్లబడుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిలు లోపలికి తాగి, పెళ్లి బాణసంచాలా పొగ వదులుతుంది, గేర్ బాక్సులో ఆయిలు మట్టం రోజురోజుకీ తగ్గుతుంది. ఈ రెండు జబ్బులకీ మన వాళ్లు చేసే వైద్యం ఒకటే: కార్బురేటర్ మార్చడం.

యెజ్డీ సిలిండర్ బోరు, అంటే లోపలి వెడల్పు, 65; స్ట్రోకు, అంటే పిస్టన్ నడక, 75 మిల్లీమీటర్లు. అరిగితే పావు మిల్లీమీటరు మెట్లలో పెద్ద పిస్టన్లు వేసుకుంటూ పోవచ్చు. లేత్ మేస్త్రికి సిలిండర్ ఒక్కటే ఇచ్చి "బోరు కొట్టండి" అనకూడదు. పిస్టన్ ముందు చేతిలో పెట్టాలి, దాని కొలతకే బోరు కొట్టాలి. అంగీ కుట్టించుకోవడానికి మనిషి వెళ్లడా? కొట్టాక సిలిండర్ గోడలో పోర్టుల (మిశ్రమం, పొగ పోయే కంతల) అంచులు పదునుగా లేస్తాయి, వాటిని చిన్న ఆకురాయితో మెత్తగా వాల్చాలి. లేకపోతే రింగు అక్కడ తగులుకుని విరుగుతుంది. విరిగిన ముక్క కొత్త బోరులో గీసే ముగ్గు సంక్రాంతి ముగ్గు కన్నా పొడుగ్గా ఉంటుంది.

ప్లగ్గుకి నిప్పురవ్వ ఇప్పించే పాయింట్ల గ్యాపు 0.4 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ లేదని బెంగపడక్కర్లేదు, గడ్డం గీసుకునే బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు, నాలుగు కలిపితే సరి. గ్యాపు పెట్టాకే టైమింగు, అంటే నిప్పురవ్వ పడే సమయం, చూడాలి. గ్యాపు మారితే టైమింగు కదులుతుంది. తలకిందులుగా చేసినవాడికి ఈ సంభాషణ తప్పదు:

"ఏటండి మేస్త్రిగారూ, కిక్కు కొడతంటే ఎదురు తన్నేత్తందేటండీ?"

"టైమింగు ముందుకెళ్లిపోయిందండీ. బాబుగారి కాలెలా ఉందండీ?"

"కట్టేశారండీ, ఆయ్."

యెజ్డీకి కిక్ రాడ్డూ గేర్ రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, దించితే గేరు. ఈ ఒక్క ఏర్పాటు వల్ల ఎన్ని బండ్లు దొంగల పాలు కాకుండా మిగిలాయో లెక్క లేదు. అరువడిగే బావమరుదుల పాలు కాకుండా మిగిలినవి అంతకన్నా ఎక్కువ.

పెట్రోలు సంగతి మరీ విషాదం. ఈ ఇంజన్లకి లీటరుకి 40 మిల్లీలీటర్ల ఆయిలు కలపాలి, అంటే 25కి ఒకటి. కొత్త బోరుకి మొదటి 500 కిలోమీటర్లు 50 పోసినా తప్పులేదు. ఈ కొలత మన వాళ్లకి తెలిసిందే. తెలియనిది, బంకులో ఇప్పుడు వచ్చేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉండటం. చెరుకు నుంచీ, బియ్యం నూకల నుంచీ తీసిన సరుకది. అంటే, మన పొలంలో పండినదాన్నే బట్టీ పెట్టి, వయసు మళ్లిన బండికి తాగుడు అలవాటు చేశారన్నమాట. ఇథనాల్ గాలిలో తేమ లాగుతుంది, మన దగ్గర తేమకి కొదవ లేదు. నీరు మితిమీరితే పెట్రోలు నుంచి విడిపోయి టాంకు అడుక్కి దిగుతుంది, కార్బురేటర్ గిన్నెలో తెల్ల పొడి కడుతుంది, పాత రబ్బరు పైపు ఉబ్బుతుంది, టాంకు లోపల పూసిన పాత లైనర్ పొరలు పొరలుగా లేచి జెట్టులో కూర్చుంటుంది. నెల రోజులు తియ్యని బండికి పెట్రోలు కట్టేసి, కార్బురేటర్ ఎండేదాకా ఇంజను నడిపి, టాంకు ఖాళీ చేయాలి. మన వింటేజ్ బండ్లు ఏడాదికి మూడు రోజులే బయటికి వస్తాయి కాబట్టి, మిగిలిన 362 రోజులూ మద్యనిషేధం పాటించాలి.

చట్టం కూడా ఈ విషయంలో మన జీర్ణోద్ధారకుల పక్షమే. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు నిండి, పెద్ద మార్పులు చేయని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్తగా అయితే రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత 5,000తో పొడిగింపు. నంబరు పలకలో "వీఏ" అన్న అక్షరాలు. ఆ బండిని ప్రదర్శనకీ, సాంకేతిక పరిశోధనకీ, ర్యాలీకీ, పెట్రోలు పోయించుకోవడానికీ, రిపేరుకీ మాత్రమే రోడ్డెక్కించాలి. రోజువారీ వాడకం కుదరదు, వ్యాపారానికి అసలే కుదరదు. అంటే రావులపాలెం అరటి మార్కెట్‌కి గెల వేసుకెళితే నేరం, గెల ఎందుకు జారిందో పరిశోధించడానికి వెళితే ఒప్పు.

ఆ ఏడాదికి మూడు రోజులు సంక్రాంతి అని వేరే చెప్పక్కర్లేదు. బండిని తుడిచి, దుప్పట్లో చుట్టి, ట్రాలీ ఆటోలో ఎక్కించి కాలవ గట్టు దాకా తీసుకెళతారు. అక్కడ సిమెంటు రోడ్డున్న ముక్క వెతుకుతారు, బురద అంటకుండా దాని మీద నీళ్లు కొట్టిస్తారు. మోకాలి దాకా తోలు బూట్లు వేసుకున్న యజమాని ఎక్కి కూర్చుంటాడు. వెనక కొబ్బరి చెట్లు, ముందు కెమెరా, ఆటోలో ప్లగ్గు స్పానరుతో మేస్త్రి. స్టార్టు చేయకండి బాబుగారూ, సైలెన్సరుకి నీలం రంగు వచ్చేత్తాది అంటాడాయన. ఆయన మాట నిజమే, వేడెక్కిన క్రోమ్ నీలం తిరుగుతుంది.

సరిగ్గా అప్పుడే, గట్టు దిగువ నుంచి ఒక టీవీఎస్ ఎక్సెల్, అటు నాలుగు ఇటు నాలుగు కొబ్బరి గెలలూ మధ్యలో గడ్డిమోపూ వేసుకుని, మడ్‌గార్డు నిండా ఒండ్రుతో ఎక్కి, ఫోటోలోకి అడ్డం వచ్చి, "కాస్త జరగండీ" అని, సందు చూసుకుని వెళ్లిపోతుంది. దాని వెనక ఉన్న క్యారియర్ని గమనించారా? యాంగిల్ ఇనుము, రెండు వైపులా 10 మిల్లీమీటర్ల కొక్కేలు, బరువు ఇరుసు మీద పడేలా కాస్త ముందుకి జరిపినది. కాటా దగ్గర తూకానికి కొన్నాడట. ఆ ఎక్సెల్‌కి ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చి ఉంచుకోవడం మంచిది, ఇంకో ముప్పై ఏళ్లకి చాలా పలుకుతుంది. క్యారియర్ మాత్రం పీకించెయ్యాలి.