‘బుప్పేసన్నివాత్’ కొరియా నకలు కాదు

థాయ్‌లాండ్ సీరియల్ ‘బుప్పేసన్నివాత్’ మీద, ఆసియా దేశాల సీరియళ్లు చూసేవారి మధ్య ఒక అభిప్రాయం ఒకరి నుంచి ఒకరికి పాకుతూ చివరికి తిరుగులేని నిజంలా చెలామణి అవుతోంది. ఇంగ్లీషులో ‘లవ్ డెస్టినీ’గా తెలిసిన ఈ సీరియల్ కొరియావారి ‘సీక్రెట్ గార్డెన్’ను చూసి అల్లిన దేహాల తారుమారు కథ అని, అందులోని థాయ్‌లాండ్ పాత రాజధాని అయుత్తయ చరిత్ర ఉత్త కల్పన అని, లావుపాటి అమ్మాయికి నాజూకు దేహం దొరికితే తప్ప ప్రేమ దక్కదని బోధిస్తోందని, జనం ఎగబడింది పాతకాలపు పట్టుబట్టలు చూడడానికేనని ఆ అభిప్రాయం సారాంశం. ఈ నాలుగింటిలో ఒకదానిలో కొంత నిజం ఉంది. మిగిలినవి సీరియల్ మొదటి భాగం చూసి, తక్కినది ఊహించుకుని చెప్పిన మాటల్లా ఉన్నాయి.

నకలు అన్న ఆరోపణతోనే మొదలుపెడదాం. ‘సీక్రెట్ గార్డెన్’ 2010 నవంబరు నుంచి 2011 జనవరి దాకా ఎస్‌బీఎస్ చానెల్‌లో వచ్చింది. అందులో ఒక సంపన్న వ్యాపారి, సినిమాల్లో ప్రమాదకరమైన ఫీట్లు చేసే ఒక యువతి దేహాలు మార్చుకుంటారు. ఇద్దరూ బతికే ఉంటారు, ఒకరి జీవితాన్ని మరొకరు నడపలేక నానా అవస్థ పడతారు, ఎవరి దేహం వారికి ఎప్పుడు తిరిగి వస్తుందన్నదే కథను ముందుకు లాగుతుంది. నవ్వు పుట్టేది అద్దె కొంపల్లాంటి ఆ పరాయి దేహాల ఇబ్బందిలోనుంచే. థాయ్ భాషలో ఈ రకం కథకు ‘సలప్ రాంగ్’ అని పేరుంది. ‘సలప్’ అంటే ఒకదానికొకటి మార్చడం, ‘రాంగ్’ అంటే దేహం.

‘బుప్పేసన్నివాత్’లో ఆ ఇచ్చిపుచ్చుకోవడమే లేదు. పురావస్తు శాస్త్రం చదువుకున్న కేత్‌సురాంగ్ ఈ కాలంలో కారు ప్రమాదంలో చనిపోతుంది. మూడు వందల ఏళ్లకు పైగా వెనక, అయుత్తయలో, కారాకేత్ అనే పెద్దింటి పిల్ల తనకు పోటీ అనుకున్న చన్‌వాద్ ప్రయాణిస్తున్న పడవను ముంచే పన్నాగం పన్నగా, చన్‌వాద్ పరిచారిక నీటిలో మునిగి చనిపోతుంది. దోషి ఎవరో తేల్చడానికి కారాకేత్ ఉంటున్న ఇంట్లో కృష్ణకాళీ మంత్రం చదువుతారు. ఆ మంత్ర ప్రభావానికి కారాకేత్ ప్రాణం పోతుంది, ఖాళీ అయిన ఆ దేహంలో కేత్‌సురాంగ్ కళ్లు తెరుస్తుంది. కారాకేత్ ఈ కాలానికి వచ్చి కేత్‌సురాంగ్ దేహంలో తిరగదు. తిరిగి వెళ్లడానికి కేత్‌సురాంగ్‌కు దేహమూ మిగల్లేదు. (కారాకేత్ అంటే మన మొగలిపువ్వే. ముళ్ల విషయంలో కూడా ఆమె పేరుకు తగిన మనిషే.) దీనికి తెలుగులో సరైన మాట మార్పిడి కాదు, పరకాయ ప్రవేశం. శంకరాచార్యులు అమరుక మహారాజు కళేబరంలో ప్రవేశించిన కథ విన్న ఎవరికైనా ఈ తేడా విడమరచి చెప్పనవసరం లేదు.

దేహాల తారుమారు అసలు కొరియా సొత్తు అనుకోవడం కూడా పొరపాటే. 1882లో ఇంగ్లండులో ఎఫ్. ఆన్‌స్టీ రాసిన ‘వైస్ వెర్సా’ నవలలో తండ్రీకొడుకులు దేహాలు మార్చుకుంటారు, ఆ పని చేసేది భారతదేశం నుంచి తెచ్చిన ఒక గరుడ శిల. ఆ గరుత్మంతుడే థాయ్‌లాండ్ రాజచిహ్నం కూడా అన్నది వేరే సంగతి గానీ, నకలు కొట్టారని కొరియా వైపు వేలు చూపించేవారు ఆ వేలిని ఇంకాస్త దూరం చాచి చూడవలసింది.

పేరు చూసినా అనుమానం తీరేది. ‘బుప్పేసన్నివాత్’ అన్నది థాయ్ నోట పలికే పాళీ మాట: ‘పుబ్బే సన్నివాస’, అంటే పూర్వ సన్నివాసం, గతంలో కలిసి బతకడం. జాతక కథల్లో 237వదైన సాకేత జాతకంలో ఈ మాట వచ్చే గాథ ఉంది: “పుబ్బేవ సన్నివాసేన పచ్చుప్పన్నహితేన వా, ఏవం తం జాయతే పేమం ఉప్పలంవ యథోదకే.” వెనక ఎప్పుడో కలిసి ఉండడం వల్ల గానీ, ఇప్పుడు చేసిన మేలు వల్ల గానీ ప్రేమ నీటిలో కలువలా పుడుతుందని దాని భావం. మన ఇళ్లలో పెద్దవాళ్లు ‘ఏ జన్మ ఋణమో’ అని నిట్టూర్చేది ఇదే మాట. సీరియల్‌కు ఇరుసు ఈ భావమే. ఒక దుర్మార్గురాలి దేహం, ఆ దేహం చేసిన పాపం తాలూకు చెడ్డపేరు, ఆమెకు కుదిరిన సంబంధం, ఇవన్నీ మరో మనిషి తలకెత్తుకుని తీర్చుకుంటూ పోవడమే పదిహేను భాగాల కథ. ఈ ఇరుసును తీసి పక్కన పెడితే మిగిలేది కొరియా సీరియల్ కాదు, ఏమీ మిగలదు.

చరిత్ర కల్పితమన్న ఆరోపణకు వద్దాం. కథానాయకుడు దేత్, కారాకేత్, చన్‌వాద్ కల్పిత పాత్రలే, ఎవరూ కాదనరు. కానీ వాళ్లు తిరిగే లోకం 1656 నుంచి 1688 దాకా ఏలిన నారాయ్ మహారాజు కాలానిది. గ్రీసు దేశంలోని కెఫలోనియా దీవి నుంచి వచ్చి ఆ కొలువులో చక్రం తిప్పిన కాన్‌స్టాంటైన్ ఫాల్కన్, 1686లో రాయబార బృందంతో వెర్సాయ్ వెళ్లి ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ సముఖంలో నిలిచిన కోసా పాన్, రాజు మంచం పట్టిన సమయంలో అధికారం చేజిక్కించుకుని 1688 జూన్‌లో ఫాల్కన్‌ను చంపించి తర్వాత గద్దెనెక్కిన ఫెత్రాచా, వీరంతా నిజంగా బతికినవారు. దేత్ తండ్రిగా కనిపించే హోరాథిబోది పేరు కూడా కల్పన కాదు; థాయ్ భాషలో తొలి పాఠ్యపుస్తకంగా చెప్పుకునే ‘చిందామణి’ ఆ పేరుగల ఆస్థాన పండితుడి రచనే. ఆ గ్రంథం పేరు చింతామణి అని వేరే చెప్పనక్కర్లేదు. ఫాల్కన్ భార్య మరియా గుయోమార్ ద పీన్యా కూడా ఉంది. గుడ్డు పచ్చసొనను మరిగే చక్కెర పాకంలో సన్నటి దారాలుగా జార్చి తీసే ‘ఫోయ్ థోంగ్’ అనే పోర్చుగీసు తరహా మిఠాయిని థాయ్ వంటింట్లోకి తెచ్చింది ఆమేనని అక్కడివారు చెప్పుకుంటారు. సీరియల్‌కు మూలమైన నవల రాసిన రోంపేంగ్ శిల్పకార్న్ విశ్వవిద్యాలయం పురావస్తు విభాగంలో చదివినవారన్నది ఇక్కడ గుర్తు చేయాలి. ఫాల్కన్‌ను ఎంత చెడ్డవాడిగా చూపాలన్న దానిపై తగువు పడవచ్చు, అది చరిత్రకారుల్లోనే తెగని వాదం. తగువుకు చోటుండడం వేరు, అంతా అల్లిక అనడం వేరు.

పైగా ఈ సీరియల్‌లో హాస్యం చరిత్ర మీదే ఆధారపడి ఉంది. ఎవరి గతి ఏమవుతుందో కేత్‌సురాంగ్ పుస్తకాల్లో చదివేసింది, ఎదురుగా నవ్వుతూ నిలబడ్డ మనిషికి ఆ సంగతి చెప్పలేకపోతుంది. ఆమె చేసే వింత పనులు కూడా అక్కడినుంచే పుడతాయి. పంది మాంసం కాల్చుకుంటూ చుట్టూ గాడిలో పులుసు మరిగించుకునే ‘మూ క్రథ’ తినాలని ఆమెకు నాలుక లాగుతుంది. ఆ కాలంలో అటువంటి పెనం ఉంటే కదా? నడుమ గుబ్బలా లేచి చుట్టూ గాడి ఉన్న పెనాన్ని పని కట్టుకుని తయారు చేయిస్తుంది, ఇంటిల్లిపాదీ ఈ పిల్లకు మతి పోయిందా అన్నట్టు చూస్తూనే చుట్టూ చేరి తింటారు. పుల్లమామిడికాయ ముక్కలు తీపి చేప సాస్‌లో ముంచుకు తినడం కూడా అలాంటిదే. ఇవి దేహం మారినందువల్ల పుట్టిన నవ్వులు కావు, కాలం మారినందువల్ల పుట్టినవి.

లావుపాటి అమ్మాయి సంగతిలో మాత్రం విమర్శకు కొంత బలం ఉంది. రెండు పాత్రలూ రాణీ క్యాంపెన్ వేసింది. కేత్‌సురాంగ్ కోసం ఆమెకు ఒత్తులు కట్టి కళ్లద్దాలు పెట్టి నవ్వు రాబట్టడం నాకూ నచ్చలేదు. అయితే నాజూకు దేహం వల్లే ప్రేమ దక్కిందన్న వాదం కథలోని ప్రధాన విషయాన్నే మరచిపోతోంది. ఆ నాజూకు దేహం దేత్‌కు కొత్తది కాదు. అదే ముఖం, అదే నడుము, అదే ఇంట్లో అతని కళ్లెదుట తిరుగుతున్నంత కాలం అతను ఆమెను అసహ్యించుకున్నాడు, పెద్దలు కుదిర్చిన సంబంధాన్ని శాపంలా మోశాడు. అందం అణుమాత్రం మారలేదు, మారింది నోటి మాట, పనివారి పట్ల తీరు, తెలియనిది అడిగి తెలుసుకునే కుతూహలం. అతను కరగడం మొదలైంది అప్పుడే.

బట్టల మాట క్లుప్తంగా చెబితే చాలు. 2018 ఫిబ్రవరి 21 నుంచి ఏప్రిల్ 11 దాకా చానెల్ 3లో సీరియల్ నడిచిన రోజుల్లో, 1630లో కట్టిన వాట్ చైవత్థనారామ్ శిథిలాల మధ్య పాతకాలపు దుస్తులు అద్దెకు తీసుకుని ఫొటోలు దిగేవారు కిక్కిరిసిన మాట నిజమే. కానీ ‘నువ్వు’ అనడానికి వాడే ‘ఓ జావ్’ అన్న పాత మాట ఆ వారాల్లో థాయ్‌లాండ్ అంతటా జనం నోళ్లలో నానింది, ‘చిందామణి’ని అడిగి కొనేవారు పెరిగి అక్కడి లలితకళల శాఖ దాన్ని మళ్లీ అచ్చు వేయించింది. పదిహేడో శతాబ్దపు పాఠ్యపుస్తకానికి పట్టు అంచు ఏమీ లేదు.

ఇన్ని ఆరోపణలు పేర్చినవారు అసలు తప్పు పట్టవలసిన చోటిని వదిలేయడమే నాకు వింతగా తోస్తుంది. కారాకేత్ వెంట ఎప్పుడూ ఉండే పిన్, యేమ్ ఇద్దరూ బానిసలు. థాయ్‌లాండ్‌లో ఆ వ్యవస్థను తొలగించే పని 1874లో మొదలై 1905 దాకా సాగింది. సీరియల్ కాలానికి అది రెండు శతాబ్దాల దూరంలో ఉంది. ఈ ఇద్దరినీ సీరియల్ ఎక్కువగా నవ్వు పుట్టించడానికే వాడుకుంది, వారి బతుకు ఎవరి చేతిలో ఉందో గుర్తుచేసే సందర్భాలు తక్కువ. కేత్‌సురాంగ్ వాళ్లను ‘ఫీ’ అని, అంటే అక్కా అని పిలుస్తుంది. మొదట్లో ఆ పిలుపుకు వాళ్లిద్దరూ బెదిరిపోతారు, తర్వాత అలవాటు పడతారు. అక్కలైన తర్వాత కూడా వాళ్లు కూర్చునేది మాత్రం ఆమె కాళ్ల దగ్గర నేల మీదే.