వరస తప్పిన రిప్లై

మా యాప్‌లో రిప్లైలు చూపించే స్క్రీన్ నువ్వే కట్టాలి అన్నప్పుడు, ఇంతేనా అనుకున్నాను. పైన పోస్టు, దాని కింద రిప్లైలు, అడుగున టైపు చేసే పెట్టె. సాయంత్రానికి అయిపోవాలి. ఇప్పుడు మూడో వారం నడుస్తోంది.

మొదటి గొడవ మెట్ల దగ్గర. రిప్లైకి రిప్లై వస్తే కాస్త కుడికి జరిపి చూపించాలి, దానికి ఇంకో రిప్లై వస్తే మరికాస్త. మెట్టుకి 24 డీపీ చొప్పున జరిపాను (డీపీ అంటే ఇక్కడ ప్రొఫైల్ ఫోటో కాదు, ఆండ్రాయిడ్‌లో అదొక కొలత). నా ఫోను తెర వెడల్పు 360. నాలుగు మెట్లు పెట్టి చూసుకుని మురిసిపోయాను. నాలుగు మెట్లకే ఆగిపోయే వాదన ఎక్కడైనా ఉందా? ఆఫీసులో అందరి ఫోన్లలో యాప్ వేయించిన రోజే టెస్టరూ డిజైనరూ ఒక బటన్ రంగు మీద మొదలుపెట్టారు. పన్నెండో మెట్టుకి వచ్చేసరికి 288 జరగడానికే పోయింది, 40 ఫోటోకి పోయింది, మిగిలిన 32లో మాటలు ఇమడాలి. "మీరు చెప్పేది అర్థమైంది కానీ" అనే వాక్యం లైనుకి రెండక్షరాల చొప్పున బావిలోకి వదిలిన చేదతాడులా దిగింది. పదమూడో మెట్టులో 8 మిగిలింది. అక్కడ టెస్టర్ ఏమన్నాడో ఎవరికీ కనబడలేదు. డిజైనర్ మాత్రం రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

మూడు మెట్ల తర్వాత జరపడం మానేసి, ఎవరికి రిప్లై ఇస్తున్నారో వాళ్ల పేరు పైన వేసి ఊరుకున్నాను.

తర్వాతవి చిల్లర తలనొప్పులు. కీబోర్డు లేచి టైపు చేసే పెట్టెనే మూసేసేది. లైను ఎత్తు ఇంగ్లీషు అక్షరాలను చూసి పెట్టినందువల్ల తెలుగు వత్తులు సగానికి తెగేవి. సరిచేశానని టిక్కు పెట్టాను. ఫోను అడ్డంగా తిప్పితే ఆండ్రాయిడ్ ఆ స్క్రీన్‌ని కూల్చి మళ్లీ కడుతుంది కదా, సగం రాసిన రిప్లై ఆ శిథిలాల్లో పోయేది. కోపంలో రాసినవి అలా పోతేనే లోకానికి మంచిదని వాదించాను. ఎవరూ ఒప్పుకోలేదు. ఆ మాట విని ఉంటే నాకే మంచిది అయ్యేది.

అసలు సంగతి ఇది. వెయ్యి రిప్లైలుంటే వెయ్యి గళ్లు కట్టరు. తెరకు సరిపడా పది పన్నెండు కట్టి, పైకి జరిగి కనిపించకుండా పోయిన గడిలోనే కింద రాబోయే రిప్లైని దించుతారు. అద్దె ఇళ్ల వ్యవహారం. అందుకే రిప్లై బటన్ నొక్కగానే, ఏ గడి అని కాకుండా ఏ రిప్లై అని దాని ఐడీ దాచుకోవాలి. నేను వరస నంబరు దాచుకున్నాను. పైన కొత్తది వచ్చి పడనంత వరకు ఏడోది ఏడోదే.

శుక్రవారం ఆరో వరసలో మేనేజర్ గారు "బాగా వస్తోంది, సోమవారం పైవాళ్లకి చూపిద్దాం" అని రాశారు. దాని కింద ఏడో వరసలో నా పక్క సీటు మిత్రుడు "రిప్లై నొక్కితే లైక్ పడుతోందిరా" అన్నాడు. వేలికి అందాలంటే బటన్ కనీసం 48 డీపీ ఉండాలన్నది ఆండ్రాయిడ్ సలహా. నేను 20 పెట్టాను. తప్పు పూర్తిగా నాదే కాబట్టి కోపం గట్టిగా వచ్చింది. "అది వేలా, రోకలిబండా? కళ్లజోడు పెట్టుకుని నొక్కు" అని రాయడం మొదలుపెట్టాను. రాస్తుండగా ఎవరో పుణ్యాత్ముడు పైన "సూపర్" అని పెట్టాడు. వరస ఒకటి కిందికి జరిగింది. సెండ్ నొక్కాను.

మేనేజర్ గారు కళ్లజోడు పెట్టుకునే ఉంటారు.

చూసుకుని చెరిపేసేలోపు దాని కింద తొమ్మిది రిప్లైలు పడ్డాయి. మొదటిదాన్ని తీసేస్తే దాని కిందవి ఏం కావాలన్న చర్చ అంతకు రెండు రోజుల ముందే వచ్చింది. "తల్లి పోయిందని పిల్లల్ని రోడ్డున పడేస్తామా?" అని మీటింగులో ఆవేశపడి, వాటిని ఉంచేయించింది నేనే. ఇప్పుడు "ఈ రిప్లైని తొలగించారు" అన్న బూడిదరంగు పట్టీ, దాని కింద "సార్ వేళ్లు అంత లావు కాదు", "రోకలిబండ ఎన్ని డీపీలు?" అంటూ తొమ్మిదిమంది పిల్లలూ క్షేమం. పట్టీ చూసిన ప్రతివాడూ అసలు ఏం రాశాడని అడగడం వల్ల పన్నెండు అయ్యారు.

మధ్యాహ్నం మేనేజర్ గారే నా సీటు దగ్గరికి వచ్చారు. లేచి నిలబడి "సార్, అది మీకు కాదు సార్, వరస నంబరు..." అంటూ మొదలుపెట్టాను. ఆయన ఫోను నా ముందు పెట్టారు. నేను చెరపకముందే తీసిన స్క్రీన్‌షాట్. రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేశారు.

"ఈ ‘నొక్కు’లో వత్తు సగమే కనబడుతోందేమిటండీ? సరిచేశానని టిక్కు పెట్టారుగా?"